సెల్లో మీద కాండీ దరువు

లూచానో బెరియో ‘సెక్వెన్జా 14’లో సెల్లో తన పాట ఎత్తుకోకముందే దరువు మొదలవుతుంది. ఎడమచేతి వేళ్లు తీగల మీద పడుతుంటే, కుడిచేయి చెక్కను తడుతుంది. 2002లో జర్మనీలోని విటెన్‌లో దీన్ని తొలిసారి వాయించినవారు రోహన్ డి సారమ్.

రాసింది ఇటలీ స్వరకర్తే అయినా దరువు మాత్రం శ్రీలంకది. డి సారమ్ 1939లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో శ్రీలంక దంపతులకు పుట్టారు. గాస్పర్ కసాదో, పాబ్లో కసాల్స్ వంటి ఉద్దండుల దగ్గర సెల్లో నేర్చుకున్నారు. దానితోపాటు కాండీ ప్రాంతపు గెట బెర కూడా పట్టుబడింది. నడుముకు కట్టుకొని రెండు వైపులా చేతులతో మోగించే డోలు అది; మన మృదంగానికి దూరపు చుట్టమనుకోవచ్చు. ఆయన చేతిలోని ఆ లయలనే బెరియో సెల్లోకి ఎక్కించారు.

ఈ దరువుకు సెల్లో ఒదగడంలో కొంత ఘనత అడుగున ఉండే ఇనుప కడ్డీది. పూర్వం వాద్యాన్ని పిక్కల మధ్య బిగించి వాయించేవారు. 19వ శతాబ్దంలో కడ్డీ వాడుక పెరిగి, బరువు నేల మీదికి పోయి చేతులకు వీలు దొరికింది. పొడవాటి తీగలు, గంభీరంగా మోగే పెద్ద పెట్టె ఎలాగూ ఉన్నాయి.

అసలు ఈ వాద్యాన్ని పాత పద్ధతుల నుంచి కదిలించడం ఎప్పుడో మొదలైంది. 1915లో స్వరకర్త కొడాయ్ తన ఏకసెల్లో సొనాటా కోసం మంద్రపు తీగలు రెండింటినీ అరస్వరం చొప్పున దించారు. 1966లో సెల్లో కళాకారుడు జీగ్‌ఫ్రీడ్ పామ్ కోసం ‘నోమోస్ ఆల్ఫా’ రాసిన స్వరకర్త క్సెనాకిస్, అడుగు తీగను ఏకంగా ఒక స్థాయి కిందికి దించమన్నారు. 1969 నాటి స్వరకర్త లాఖెన్‌మన్ సెల్లో రచన ‘ప్రెసియాన్’ మరీ విడ్డూరం. అందులో స్వరలిపి చాలావరకు ఏ స్వరం పలకాలో చెప్పదు. వాద్యం మీద ఎక్కడ, ఏం చేయాలో చెబుతుంది. రికార్డులో వింటే ఒట్టి గీకుడే! ఎదురుగా కూర్చుని చూస్తే గానీ అందులోని పట్టు తెలియదు.

సెల్లో అనగానే అందరూ రోస్ట్రోపోవిచ్ పేరే ఎత్తుతారు. షోస్టకోవిచ్ 1959 కాన్సర్టోను నాలుగు రోజుల్లో కంఠస్థం చేసిన మనిషి, తీసిపారేయలేం. కానీ ఆయన కోసం పుట్టిన కాన్సర్టోల్లో ఎక్కువ భాగం సెల్లో గొంతునే నమ్ముకున్నాయి. ఆ వాద్యానికి గొంతుతోపాటు చేతులూ ఉన్నాయని చూపినవారు పామ్, డి సారమ్ వంటివారు.

1958లో ఫ్లూట్‌తో మొదలైన బెరియో సెక్వెన్జాల వరుసలో సెల్లో వంతు చివరికి వచ్చింది. ఇప్పుడు ఆ పద్నాలుగో సెక్వెన్జాను వాయించదలచిన సెల్లో కళాకారులు ముందు వేళ్లకు డోలు సాధన చేయించాలి. డి సారమ్‌కు అది చేతిలో ఉన్న విద్య.