స్థూలకాయమునకు పథ్యము: వంటయింటి చరిత్ర



ఒడలు లావెక్కుట నేటి నాగరకతతో వచ్చిన జాడ్యమని పలువురు తలంతురు. అది సరి కాదు. లావెక్కిన దేహమును తగ్గించుకొనుట యెట్లను ప్రశ్న మన దేశమున సుమారు రెండువేల యేండ్లకు ముందే పుట్టినది. దానికి ఆనాటి వైద్యులు చెప్పిన సమాధానము మందులపెట్టెలో కంటె వంటయింటిలోనే యెక్కువగా నున్నది. కాలాంతరమున, దేశాంతరమున, వైద్యము చదువని యొక వృద్ధుడు తన వంటయింటిని మార్చుకొనియే ఆ బాధనుండి బయటపడెను. ఆ రెండు వృత్తాంతములను విన్నవించి, పిమ్మట మన యూళ్ల సంగతికి వచ్చెదను.

చరకసంహితలో సూత్రస్థానమున 21వ అధ్యాయమునకు అష్టౌనిందితీయమని పేరు. లోకము నిందించు నెనమండుగురు మనుష్యులు అందు పేర్కొనబడిరి. మిక్కిలి పొడవువాడు, మిక్కిలి పొట్టివాడు, ఒడలెల్ల రోమములు గలవాడు, రోమములే లేనివాడు, మిక్కిలి నల్లనివాడు, మిక్కిలి తెల్లనివాడు, మిక్కిలి లావైనవాడు, మిక్కిలి బక్కవాడు. పొడవును బట్టియు రంగును బట్టియు మనుష్యుని నిందించుట నాకు రుచింపదు. ఆచార్యుడును తొలి యార్గురను అక్కడనే విడిచి, కడపటి యిరువురకే చికిత్స చెప్పినాడు. లావైనవానికి ఆయుస్సు తగ్గును, చుఱుకుదనము తగ్గును, బలము చాలదు, చెమట యెక్కువ, ఆకలి యెక్కువ, దప్పిక యెక్కువ అని దోషములను లెక్కించినాడు. కారణములలో అతిగా తినుట, తీపియు జిడ్డును గల పదార్థములు, పగటినిద్ర, వ్యాయామము లేమి, ఏ చింతయు లేకుండుట చెప్పి, చివర బీజస్వభావమును కూడ చెప్పినాడు. అనగా తల్లిదండ్రులనుండి వచ్చిన దేహప్రకృతి. లావైనవారందఱును తిండిపోతులని వెక్కిరించువారు ఈ మాటను గమనింపవలెను.

ఈ అధ్యాయములో నన్ను మిక్కిలి యాలోచింపజేసినది ఆకలిని గూర్చిన విచారము. కొవ్వుచే మార్గములు మూసికొనిపోగా వాయువు కోష్ఠమునందే తిరుగుచు జఠరాగ్నిని రగుల్చును. అందుచే తిన్నది వేగముగ జీర్ణమై మరల ఆకలి వేయును. కార్చిచ్చు అడవిని కాల్చినట్లు ఆ అగ్నివాయువులు స్థూలుని బాధించునని ఆచార్యుని మతము. నేటి వైద్యులు కారణమును ఇట్లు చెప్పరు. కాని, పస్తుండి నాలుగు కిలోలు తగ్గి, పస్తు మానగానే అయిదు కిలోలు పెరిగినవారు ప్రతి యూరను కలరు. లంఘనము పరమౌషధమను మాట జ్వరమునకు చెల్లునే గాని యిచట చెల్లదు. కావున చరకుడు చెప్పిన సూత్రము వింతయైనది. స్థూలున కిచ్చు ఆహారము గురువుగా నుండవలెను, అపతర్పణముగను ఉండవలెను. జీర్ణించుటకు ఆలస్యమై కడుపును నింపియుంచవలెను గాని మేదస్సును పెంచరాదని దాని భావము.

అట్టి యాహార మేది? ఆచార్యుడు పట్టికయే యిచ్చినాడు. యవలు, ప్రియంగువు, శ్యామాకము, కోద్రవము, జూర్ణాహ్వము; పప్పుదినుసులలో ముద్గము, కులత్థము, ఆఢకి; వీనితో పటోలము, ఆమలకము. తెలుగున చెప్పినచో కొఱ్ఱలు, చామలు, ఆళ్లు, జొన్నలు, పెసలు, ఉలవలు, కందులు, చేదుపొట్ల, ఉసిరిక. ప్రాచ్యకళాశాలలో చదువుకొను దినములలో ఈ పట్టికను తొలిసారి చూచినప్పుడు నాకు వైద్యగ్రంథము చదువుచున్నట్లు తోపలేదు. మా తాతగారి కాలపు గాదెలలోనికి తొంగిచూచినట్లు తోచినది. త్రిఫలము, తిప్పతీగ మొదలగు మందులను కూడ ఆయన చెప్పకపోలేదు. అవి వైద్యుడు చూచి యియ్యవలసినవి. ఆహారముతోపాటు మేలుకొనియుండుటను, వ్యాయామమును, చింతనమును మెల్లమెల్లగా పెంచుకొనుమని కూడ చెప్పినాడు. పింఛను ఆలస్యమైన నెలలో ఈ కడపటి మందు మా వంటివారికి ధారాళముగా దొరకును.

మఱి రెండు సంగతులు అదే గ్రంథమున వేఱువేఱు చోట్ల నున్నవి. విమానస్థానపు తొలి యధ్యాయమున ఆహారమును గూర్చి చూడవలసిన విషయములు ఎనిమిది చెప్పబడినవి. పదార్థపు స్వభావము మొదటిది. దాని వెంటనే కరణము, సంయోగము, రాశి అను మూడును వచ్చును. కరణమనగా కడుగుట, నానబెట్టుట, వేయించుట, ఉడికించుట. సంయోగమనగా దేనితో దేనిని కలుపుట. రాశియనగా ఎంత యనునది. ఈ మూడును వండువారి చేతిలోనివి. పొట్లములో కట్టి యమ్ము తినుబండారమును కొన్నవాడు ఈ మూడింటిని అమ్మువానికి అప్పగించినట్లే. రెండవ సంగతి సూత్రస్థానపు 7వ అధ్యాయములోనిది. అలవాటుపడిన అహితమును ఒక్కసారిగా విడువరాదు. పాదము చొప్పున, అనగా నాలుగవ వంతు చొప్పున, నడుమ దినముల యెడమిచ్చి క్రమముగా విడువవలెను.

ఇక ఇంగ్లండునకు పోవుదము. లండను నగరమున విలియం బాంటింగు అను నొకడుండెను. అంత్యక్రియలకు వలసిన యేర్పాట్లు జరుపుట వారి యింటి వృత్తి. రాజకుటుంబపు అంత్యయాత్రలను సైతము వారు నడపిరి. అఱువదియేండ్లు దాటిన పిమ్మట, 5 అడుగుల 5 అంగుళముల పొడవుగల యాతడు 202 పౌనులు, అనగా సుమారు 92 కిలోలు తూగెను. వంగి జోళ్ల త్రాళ్లు కట్టుకొనలేకపోయెను. మెట్లు దిగునప్పుడు కీళ్లకు అదురు తగులకుండుటకై వెనుకకు తిరిగి దిగెడివాడు. సముద్రస్నానములు చేసెను, మందులు మ్రింగెను. ఉదయమున రెండేసి గంటలు పడవ నడపగా కండబలము వచ్చెను. దానితో ఆకలియు వచ్చి లావు మఱింత పెరిగెను. తుదకు 1862లో చెవుడు వచ్చినదని విలియం హార్వే అను చెవివైద్యుని కడకు పోయెను. ఆ వైద్యుడు పారిసులో క్లాడు బెర్నారు మధుమేహమును గూర్చి చేసిన యుపన్యాసములను వినియున్నవాడు. అతడు చెవిలో మందు పోయుటకు బదులు రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళదుంప మానుమని చెప్పెను.

సంవత్సరము తిరుగుసరికి బాంటింగు 46 పౌనులు, సుమారు 21 కిలోలు, తగ్గెను. నడుముచుట్టు 12 అంగుళములకు పైగా తగ్గెను. 1863లో తన యనుభవమును చిన్న పుస్తకముగా అచ్చొత్తించి మొదట ఊరకనే పంచిపెట్టెను. ఏ పూట ఏమి, ఎంత తినెనో అందు తూకములతో వ్రాసెను. అతడు తినిన మాంసమును, త్రాగిన ద్రాక్షసారాయమును మనలో పలువురకు పనికివచ్చునవి కావు. చరకుని ధాన్యములకును అతని పట్టికకును పొంతన లేదు. అయినను అతడు తినినవన్నియు ఆ దేశపు గృహస్థుని యింట నిత్యము వండునవియే. ఆ పుస్తకమునకు ఎంతటి ప్రసిద్ధి వచ్చెననగా, పథ్యముచే ఒడలు తగ్గించుకొనుటకు అతని పేరే ఆంగ్లమున క్రియాపదమయ్యెను. స్వీడనుదేశపు భాషలో నేటికిని ఆ మాట వాడుకలో నున్నది. అతడు 1878లో, 81 యేండ్ల వయస్సున మరణించెను.

ఆ తరువాతి కాలమున ఈ విద్య వంటయింటినుండి అంగడికి పోయినది. 1959లో అమెరికాలో మెట్రెకాల్ అను పొడి వెలువడెను. భోజనము మాని దానినే కలుపుకొని దినమునకు నాలుగుమారులు త్రాగినచో మొత్తము 900 కాలరీలు. కొన్నేండ్లు విపరీతముగ అమ్ముడయి పిమ్మట మఱుగుపడెను. దాని సంతానము నేడు మన పట్టణముల మందులషాపులలో, పల్లెలలో ఇంటింటికి తిరుగు ప్రతినిధుల సంచులలో నున్నది. మా వీథిలోని యొక పెద్దమనిషి అట్టి డబ్బాలకై రెండు నెలలు వ్యయపడెను. డబ్బా ముగియగానే పాత లావు తిరిగి వచ్చెను, డబ్బు రాలేదు.

2019లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలలో కెవిన్ హాల్ అనునతడును ఆయన సహచరులును ఒక పరీక్ష చేసిరి. 20 మందిని 28 దినములు ఒకచోట నుంచి, రెండు వారములు కార్ఖానాలలో తయారైన తిండ్లను, రెండు వారములు సహజపదార్థములతో వండిన భోజనమును పెట్టిరి. ముందుంచిన విస్తళ్లలో కాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానముగనే యుండునట్లు చూచిరి. ఎంత తినుటయో వారి యిష్టము. కార్ఖానా తిండి దినములలో మనుష్యుడు దినమునకు సుమారు 500 కాలరీలు అధికముగ తినెను, ఒక కిలోకు కొంచెము తక్కువగ పెరిగెను. వండిన భోజనపు దినములలో ఇంచుమించు అంతయే తగ్గెను. ఎవరిని పస్తుంచలేదు.

ఇక మన నేల సంగతి. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, కృష్ణపై విజయవాడ ఆనకట్ట 1855లోను ముగిసినవి. డెల్టాలో వరి విస్తరించినది. మెట్టసీమలలో మాత్రము జొన్న, కొఱ్ఱ, రాగి చాలకాలము నిలిచినవి. మరలు వచ్చి దంపుడుబియ్యము పోయినది. 1983లో కిలో రెండురూపాయల బియ్యపు పథకము వచ్చినది. ఆకలిగొన్న యిండ్లకు ఆ బియ్యము అన్నము పెట్టినది. దానిని నిందించుట కృతఘ్నత యగును. అయినను సంకటి వండు కుండ పలుయిండ్ల అటకెక్కినది. అదే కాలమున అరక పోయి ట్రాక్టరు వచ్చినది. చెమటోడ్చువాని యన్నపురాశి చెమటోడ్చనివాని విస్తరిలోనికి వచ్చినది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహారసంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో, దినమునకు కావలసిన శక్తిలో ధాన్యములనుండి వచ్చునది నూటికి 45 పాళ్లు మించరాదని యున్నది. మన విస్తళ్లలో అన్నపురాశి ప్రక్క పప్పును కూరయు ఎంతెంత యున్నవో ఎవరికి వారు చూచుకొనవచ్చును.

ఉద్యోగవిరమణ చేసిన యేడు నేను 84 కిలోలు తూగితిని. మోకాళ్లు నొచ్చుచున్నవని పోగా వైద్యుడు బరువు తగ్గుమనెను. మేము చరకుని పాదక్రమమును పాటించితిమి. నాలుగు పాళ్ల బియ్యములో ఒక పాలు తీసి కొఱ్ఱలు వేసితిమి. అలవాటైన పిమ్మట రెండవ పాలు. కొఱ్ఱలను ముందుగ నానవేయనిచో అన్నము పలుకుగా నుండి పంటికి తగులును. మధ్యాహ్నము కొఱ్ఱన్నము చారెడు, పెసరపప్పులో తోటకూరయో బీరకాయయో రెండింతలు, పలుచని మజ్జిగ. రాత్రి జొన్నరొట్టె, కూర. ఉలవచారు వారమున కొకమారు కాచుదుము. పట్టణపు హోటళ్లలో దానిపై మీగడ పోయుచున్నారట, అది వేఱు పదార్థము. తిరగమోతకు నూనెను గరిటెతో గాక చెంచాతో కొలుతుము. నెలకు రెండు కిలోల నూనె ఒక కిలోకు దిగినది.

ఈ సందర్భమున పెద్దలు కోపింపనిచో ఒక మాట. పథ్యము మగవానిది, వంట ఆడుదానిది యగుట నేను పలు యిండ్ల చూచితిని. ఆయనకు జొన్నరొట్టె వేఱుగ, పిల్లలకు అన్నము వేఱుగ వండి, అందఱు తినిన పిమ్మట మిగిలినది పాఱవేయ మనసొప్పక ఆమె తినును. ఆయన తగ్గును, ఆమె పెరుగును. మా యింట ఒక్కటే వంట, అందఱకు అదియే. కొఱ్ఱలు ఏరి నానవేయుట, కూరలు తఱుగుట నా వంతు. పదునాలుగు నెలలలో నేను తొమ్మిది కిలోలు తగ్గితిని. పథ్యమను పేరెత్తని నా భార్య నాలుగు తగ్గినది. చక్కెరవ్యాధికి మాత్రలో సూదిమందో వాడువారు మాత్రము ముందుగ వైద్యునితో చెప్పియే అన్నము తగ్గింపవలెను. తిండి తగ్గి మందు తగ్గనిచో కన్నులు తిరిగి పడిపోవు ప్రమాదము కలదు.

పండుగలకేమి చేయుదురని మిత్రులు అడుగుచుందురు. బొబ్బట్లు ఇంటనే చేసికొందుము. శనగపప్పు ఉడికించి, బెల్లము కలిపి, రుబ్బి, పూర్ణము కట్టి, వత్తి కాల్చుటకు మా యిద్దఱకు ఒక పూట పట్టును. చెఱి రెండు తిని, తక్కినవి ఇరుగుపొరుగులకు పంపుదుము.