తపాలా కార్డుల వినిమయము: గ్రహీత చేతిలోని చరిత్ర

బద్వేలు ప్రాంతమున చరిత్రాధారముల ప్రసక్తి వచ్చినపుడు మొట్టమొదట స్మరింపబడునది పోరుమామిళ్ల చెరువు శాసనము. బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన యా శాసనము తటాకమునకు వలయు పండ్రెండు అంగములను, ఆరు దోషములను చెప్పుచు నేటికిని పరిశోధకులకు పనికివచ్చుచున్నది. శాసనము కదలదు, చదువగోరువాడే దాని కడకు పోవలెను. దీనికి పూర్తిగా విరుద్ధమైన స్వభావము గల లిఖితాధారము తపాలా కార్డు. అది వ్రాసినవాని యొద్ద నిలువదు; కదలిపోవుటకే పుట్టినది. మన పొడుపుకథ దానిని తోకలేని పిట్ట యనుట యందు ఔచిత్య మెంతయో కలదు. దేశదేశముల కార్డులను తపాలా మూలమున మార్చుకొని కూర్చు నలవాటు చరిత్రకారునికి ఏమి మిగుల్చుచున్నది, ఏమి మిగుల్చుట లేదు అను విషయమును మాత్రమే మే మిచట పరిశీలింపదలచితిమి.

కార్డు పుట్టుక మిక్కిలి ప్రాచీనమైనది కాదు. ఆస్ట్రియా దేశపు అర్థశాస్త్రజ్ఞుడు ఇమాన్యుయెల్ హెర్మన్ 1869 జనవరిలో ఒక పత్రికాముఖమున ఈ సూచన చేయగా, ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీననే ఆస్ట్రియా-హంగరీ ప్రభుత్వము తొలి కార్డును వెలువరించినది. భారతదేశము 1876లో అంతర్జాతీయ తపాలా సమాఖ్యలో చేరినది. 1879 జూలై 1న ఇచట కార్డు ప్రవేశించినది. స్వదేశమునకు పావు అణా, సమాఖ్య దేశములకు ఒకటిన్నర అణా. ఉత్తరమునకు అర్ధణా కావలసిన కాలమున అందులో సగము వెలకే క్షేమసమాచారము తెలియుట సామాన్య గృహస్థునకు గొప్ప వెసులుబాటు. అంతేగాక, సముద్రములకు ఆవలి దేశమునకు పంపుటకు తగిన కార్డు కూడ ఆనాటినుండియే తపాలా కచేరీలో దొరకుచు వచ్చినది.

బొమ్మల కార్డులు బహుళముగా వ్యాపించిన పిమ్మట సేకరణ ఒక వ్యసనముగా పరిణమించినది. మొదట చిరునామా వైపున చిరునామా తప్ప మరేమియు వ్రాయరాదను నియమముండుటచే, వ్రాయదలచినవారు బొమ్మ చుట్టును మిగిలిన అంచులలో ఇరికించి వ్రాసెడివారు. బ్రిటను 1902లో చిరునామా వైపును రెండుగా విభజించి ఒక సగమును సందేశమునకు విడిచినది. తక్కిన దేశములును క్రమముగా అట్లే చేసినవి. ఈ శాస్త్రమునకు పాశ్చాత్యులు డెల్టియాలజీ యని పేరిడిరి. చిన్న వ్రాతపలక యను అర్థమిచ్చు గ్రీకు పదమునుండి ఆ పేరు వచ్చినది. పేరు వ్రాతను బట్టి పుట్టినను, సేకర్తల దృష్టి మాత్రము హెచ్చుగా బొమ్మ మీదనే నిలిచినది. మా యాక్షేపణ యంతయు ఇచటనే. బొమ్మ అచ్చుయంత్రమునుండి వేలకొలది ప్రతులుగా వెలువడును. వెనుకవైపు వ్రాత ఒక్కటే ప్రతి.

ఆ వెనుకవైపు తెలుగువారి చేతిలో ఎట్లుండెనో ఒకింత విస్తరించి చెప్పుట అవసరము. పై భాగమున శ్రీరామ. ఆ క్రింద మ.రా.రా.శ్రీ., లేదా చి., ల.సౌ. అను సంక్షేపములు, పిదప ఉభయకుశలోపరి. ఇచట క్షేమము, అచటి క్షేమములు తెలుపవలెనను రెండు వాక్యముల పని ఆ ఒక్క సమాసము చేయును. ఈ సంక్షేపములు కార్డుతోనే పుట్టినవని మేము చెప్పజాలము. సంబోధనా మర్యాదలు కార్డునకు మునుపటివే. కాని సుదీర్ఘమైన కాగితముపై అలంకారముగా నుండినవి జానెడైన లేని అట్టముక్కపై అవసరములైనవి. వేరొక విశేషము గలదు. కార్డు తెరచియుండును, మార్గమున ఎవ్వరైనను చదువవచ్చును. అప్పు, తగవు, పెండ్లిచూపులలోని అభ్యంతరము మొదలగునవి వ్రాయవలసివచ్చినపుడు "మీకు తెలిసిన విషయము" అని సూచించి విడుచుట వాడుక. తెలుగు వచనమున ధ్వనిని వెదకువారు కావ్యములతో పాటు ఈ కార్డులను గూడ చూచుట మంచిది.

చదివిన కార్డును చూరునకు వ్రేలాడు ఇనుప తీగకు గ్రుచ్చుట ఇండ్లలో ఆచారము. శుభలేఖయైనచో నాలుగు మూలలను పసుపు పూయుదురు. చావు కబురైనచో చదివిన వెంటనే చించివేయుదురు, ఇంట నుంచరు. కనుక తీగమీది కార్డులను లెక్కించి ఒక కుటుంబమున వివాహములే హెచ్చుగా జరిగినవని, మరణములు స్వల్పమని తీర్మానించు పరిశోధకుడు నవ్వులపాలగును. తీగకు గ్రుచ్చిన రంధ్రము వ్రాతలో ఒకటి రెండు అక్షరములను హరించును. అంతకన్న హెచ్చు నష్టము చేసినవారు తపాలాబిళ్లలు పోగుచేయు బాలురు. విదేశపు కార్డు చిక్కినచో బిళ్ల గల మూలను కత్తిరించి, తేదీ ముద్రలో సగమును దానితో తీసికొనిపోయి, మిగిలిన ముక్కను పొయ్యిలో వేయుట మన యూళ్లలో అరుదు కాదు.

ఇంతవరకు చెప్పినది అవసరము కొరకు వ్రాసికొన్న కార్డుల మాట. కడప జిల్లానుండి కువైటునకు పోయినవారి యుత్తరములును ఈ కోవకే చెందును. డబ్బు ప్రస్తావన యుండుటచే అవి తెరచియుండు కార్డులకు తగినవి కావు. కేవలము వినోదార్థము అపరిచితులు కార్డులను మార్చుకొను పద్ధతి వేరు. అందు నేడు ప్రసిద్ధమైనది పోస్ట్‌క్రాసింగ్. పోర్చుగల్ దేశీయుడగు పౌలో మగల్యాయిష్ 2005 జూలై 14న దీనిని ప్రారంభించెను. సభ్యుడొకడు చిరునామా కోరగా, ఏదో యొక దేశపు సభ్యుని చిరునామాయు, దేశసంకేతముతో కూడిన ఒక సంఖ్యయు లభించును. ఆ సంఖ్యను కార్డుపై వేసి పంపవలెను. అందుకొన్నవాడు సంఖ్యను నమోదు చేసిన పిమ్మట, పంపినవానికి మూడవవాడెవ్వడో ఒక కార్డు పంపును. అనగా ఇచట ఇచ్చిపుచ్చుకొనుట కలదుగాని ప్రత్యుత్తరము లేదు. మన లేఖాసంప్రదాయమున ఇట్టిది క్రొత్త.

బద్వేలునందలి ఒక విద్యార్థి ఇందులో చేరెననుకొందము. ఫిన్లండునుండి వచ్చు కార్డుపై 516227 అను అంకెలుండును. 1972 ఆగస్టు 15న అమలులోనికి వచ్చిన పిన్‌కోడు పద్ధతిలో తొలి అంకె దక్షిణదేశపు ఒక మండలమును, తొలి మూడంకెలు కడప ప్రాంతమును తెలుపును. రైలులేని యీ పట్టణమునకు తపాలా రోడ్డుమీదుగానే రావలెను. ఆ కార్డు విద్యార్థి పెట్టెలో నిలుచును. కాని అతడు తన చేతితో వ్రాసినది? సిద్ధవటపు కోటను గూర్చియో, తన యూరి ఎండను గూర్చియో వ్రాసి, చివర వేడుకకై తెలుగులో ఒక పంక్తి చేర్చిన కార్డు ఏ జపాను ఇంటనో ఉండును. ఎంత శ్రద్ధాళువైన సేకర్తయు తాను సేకరించిన పెట్టెలో తానుండడు.

ఈ సంగతి కడపవారికి క్రొత్త కారాదు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌను పండితులను నియోగించి, లేఖలు నడపి, తాళపత్ర ప్రతులను తెప్పించెను. పండితులును సహాయకులును ఆయనకు వ్రాసిన తెలుగు లేఖలు నేడు మనకు లభించుచున్నవనిన, అందుకొన్నవాడు వానిని పారవేయక భద్రపరచుటయే కారణము. ఆయన నివసించిన బంగళా స్థలమున నేడు భాషాపరిశోధన కేంద్రము నడచుచున్నది. పండితుల ఇండ్లలో ఇట్టి తీగయో పెట్టెయో నిలిచియుండినచో ఎంత బాగుండెడిదో!

కాబట్టి మన శాఖలలో లేఖాసేకరణకు పూనుకొను విద్యార్థులు కొన్ని జాగ్రత్తలు వహింపవలెను. కార్డుయొక్క రెండు వైపులను ప్రతి తీయవలెను, బిళ్లను ఊడదీయరాదు, పంపిన ఊరి ముద్ర, చేరిన ఊరి ముద్ర వేర్వేరుగా వ్రాసికొనవలెను. జీవించియున్నవారి చిరునామాలను ప్రకటింపరాదు. తీగనుండి తీసినపుడు కార్డుల వరుసను చెడగొట్టరాదు. ఆ వరుస వచ్చిన క్రమము. క్రింద మొదటిది, పైన కడపటిది. తేదీ ముద్ర చెరిగిన కార్డునకు క్రింది దానిని, పై దానిని చూచి ఇంచుమించు కాలమును నిర్ణయింపవచ్చును. విదేశములకు కార్డులు పంపుచున్నవారు పెట్టెలో వేయుటకు ముందే ప్రతి నొకటి తీసి యుంచుకొనుట మేలు. ఇదివరకే పోయినవానికై అందుకొన్నవారికి వ్రాసి అడుగవలెను. ఆ తెలుగు పంక్తిని వారు చదువలేకున్నను, బొమ్మ కొరకైనను కార్డును దాచియుందురు.