ఇంకా 39 నిమిషాలు

విండోస్ ఎక్స్‌పీ ఎక్కించడం చూసినవాళ్ళకు ఆ అంకె గుర్తుండే ఉంటుంది. సీడీ పెట్టి, నీలం తెర దాటాక, ఎడమ పక్కన ‘ఇంకా సుమారు 39 నిమిషాలు’ అని వచ్చేది. అవి గడియారం నిమిషాలు కావు. 34 దగ్గర ఆగిందంటే టీ తాగొచ్చినా 34లోనే ఉండేది.

తిరుపతి వాళ్ళకు ఇదేమీ కొత్త కాదు. కొండమీద వైకుంఠం కాంప్లెక్సులో, కంపార్టుమెంటులో కూచున్నవాడు ముందు అడిగేది ‘ఇంకెంతసేపు?’ అనే. కంప్యూటర్ల ముందు కూచున్నవాళ్ళకు కూడా ఎంత శాతం పని అయిందో చూపించే పట్టీ ఉంటేనే నచ్చుతుందని బ్రాడ్ మయర్స్ 1985లో పరీక్షలు చేసి మరీ రాశారు.

ఇన్‌స్టాలేషన్ త్వరగా ముగించడానికి ఇంకో ఉపాయం కూడా ఉంది. కొన్ని పనుల్ని పక్కన పెట్టేసి, అడిగినవాళ్ళకు తర్వాత చేద్దామనుకోవడం. అలా పక్కన పెట్టినవాటిలో మన లిపి ఒకటని నాకు 2005లో, యూనివర్సిటీ దగ్గర ఒక నెట్ సెంటర్లో తెలిసింది.

తెలుగు వికీపీడియా మొదలై అప్పటికి రెండేళ్ళు కాలేదు. చూద్దామని తెరిస్తే పేజీ నిండా డబ్బాలు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. విండోస్ 2000లో దేవనాగరి, తమిళం వచ్చాయి. మన వంతు 2001లో, ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. వచ్చింది గానీ సీడీలోంచి దిగలేదు. కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి, క్లిష్టమైన లిపుల ఫైళ్ళు కావాలని ఒక గడిలో టిక్కు పెట్టాలి. అరబిక్, హీబ్రూ, థాయ్, భారతీయ భాషలు, అందరం ఆ ఒక్క గడిలోనే.

ఫాంటు ఒక్కటి దింపుకుంటే సరిపోదు. క, పొల్లు, ష అనే మూడు సంకేతాలను కలిపి ‘క్ష’గా కూర్చేది యూనిస్క్రైబ్ అనే భాగం. అది మేలుకోకపోతే గుడులు, వత్తులు దేనికవి చెల్లాచెదురుగా పడేవి.

టిక్కు పెట్టాను. 10 ఎంబీ జాగా కావాలంది. తర్వాత విండోస్ సీడీ పెట్టమంది. సెంటరు నడిపే అన్న నవ్వాడు.

‘‘సీడీ యాడుండాది సామీ? సిస్టం చేసిచ్చినోళ్ళు తీసకపోయినారు గదా.’’

చిత్తూరులో క్లాస్‌మేట్ ఇంట్లో ఉందంటే శనివారం బస్సెక్కి పోయి తెచ్చాను. ఫైళ్ళు కాపీ అవుతున్నంతసేపూ గంటల లెక్కన నా డబ్బులు కరిగాయి. చివర్లో రీస్టార్ట్ అడిగింది. చేశాం. మళ్ళీ డబ్బాలే! వైరస్‌ల భయంతో ఆయన పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఒకటి, రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ సిస్టంను పాత స్థితికి తెచ్చేస్తోంది.

‘‘మళ్ళా మొదటికొచ్చింది సామీ’’ అన్నాడు, తప్పు తనదే అయినట్టు.

ఆ రాత్రి సెంటరు మూశాక, ఆయన ఒక్కో సిస్టంలో ఆ కాపలా తీసి, ఫైళ్ళు ఎక్కించి, రీస్టార్ట్ చేసి, మళ్ళీ కాపలా పెట్టాడు. ఆలస్యమయ్యే పనిని మనిషి వచ్చి కూచున్నాక మొదలుపెట్టకూడదు, ముందే ఒకసారి చేసి ఉంచాలి. ఇవాళ నేను ఉద్యోగంలో చేసే పనికీ ఇదే సూత్రం. నేర్పింది మాత్రం ఆయనే. తెల్లారి పోయి చూస్తే ‘తిరుపతి’ అన్న మాట గుడులతో, కొమ్ముతో సహా తెరమీద నిలబడి ఉంది.

2007లో విస్టా వచ్చింది. అందులో టిక్కు పెట్టే పని లేదు, మన లిపి ముందే ఎక్కి వచ్చింది. అంటే అది ముందునుంచీ చేయగలిగిన పనే. ఎవరి పని ముందు చేయాలి, ఎవర్ని ఆగమనాలి అన్నది ఎక్కడో ఒక గదిలో తేలిపోయింది. ఆ 10 ఎంబీ ఆదా ఎవరికి కలిసొచ్చిందో గానీ, ఆగింది మనం. సీడీ కోసం బస్సెక్కినవాళ్ళు కొందరే. డబ్బాలు చూసి లేచిపోయినవాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు.

ఆ ఆగిన కాలంలోనే నా తరం తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవడానికి అలవాటుపడింది. ఇప్పుడు ఫోన్లో తెలుగు కీబోర్డుంది, సీడీ అక్కర్లేదు, రీస్టార్ట్ అక్కర్లేదు. అయినా మా చెల్లెలికి ‘తిన్నావా’ అని పంపాలంటే నా వేళ్ళు ఇవాళ్టికీ ఇంగ్లిష్ అక్షరాల మీదికే పోతాయి.