అమ్మే అన్నీ చూసుకోవాలనే నమ్మకం: కొలత పద్ధతులు

బిడ్డ పెంపకం తల్లి పనేనని, అందుకు ఆమె సమయం, డబ్బు, మనసు పూర్తిగా పెట్టాలని, నిపుణులు చెప్పినట్టు నడుచుకోవాలని భావించే ధోరణిని ఇంటెన్సివ్ మదరింగ్ అంటారు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త షారన్ హేస్ 1996లో వెలువరించిన గ్రంథంతో ఈ పేరు స్థిరపడింది. దీన్ని కొలిచేవారు తల్లి ప్రేమను కొలవరు. సమాజం తల్లి నుంచి ఏం ఆశిస్తుందో, ఆ ఆశను ఆమె ఎంతవరకు తనదిగా చేసుకుందో చూస్తారు.

తల్లిదండ్రుల అభిప్రాయాలపై షేఫర్, బెల్ 1958లోనే ప్రశ్నావళి రూపొందించారు. ఇప్పుడు విరివిగా వాడుతున్నది మనస్తత్వవేత్త మిరియం లిస్ బృందం 2013లో ప్రచురించిన 25 వాక్యాల ప్రశ్నావళి. ఒక్కో వాక్యానికి 1 నుంచి 6 వరకు అంకె వేయాలి. పెంపకం ఆడవాళ్లకే చేతనవుతుంది, బిడ్డతోనే జీవితం నిండుతుంది, పిల్లల బుర్రకు ఎప్పుడూ పదును పెట్టాలి, పెంపకం చాలా కష్టం, ఇల్లంతా బిడ్డ చుట్టూ తిరగాలి అనే ఐదు నమ్మకాలకు విడివిడిగా లెక్క వస్తుంది. ఇలా విడదీయడమే ఆ ప్రశ్నావళి బలం. దానితో ఐదేళ్లలోపు పిల్లలున్న 181 మంది తల్లులను పరిశీలించినప్పుడు, పెంపకం కష్టమని గట్టిగా నమ్మేవారిలో కుంగుబాటు, ఒత్తిడి ఎక్కువగా కనిపించాయి.

హైదరాబాద్‌లో గోల్కొండ నుంచి పురానాపూల్‌కు వచ్చే దారిలో, కుతుబ్‌షాహీల కాలపు వర్తకులు బసచేసిన కార్వాన్‌లో ఈ ప్రశ్నావళిని ఉన్నదున్నట్టు వాడటం కుదరదు. 1671 నాటి టోలీ మసీదు చుట్టుపక్కల గల్లీల్లో తెలుగు, దక్కనీ, హిందీ మాట్లాడే కుటుంబాలు పక్కపక్కనే ఉంటాయి. తల్లి ఒంటరిగా కూర్చుని కాగితం నింపుతుందనే ఊహ ఇక్కడ నిలవదు. ప్రశ్న పైకి చదివి వినిపించాలి. పక్కన అత్తమ్మ కూర్చుని ఉంటే జవాబు మారిపోతుంది. నానమ్మ తినిపించి, మేనత్త జడేసి, బాబాయి బడికి దించే ఇంట్లో 'తల్లే ముఖ్యం' అన్న వాక్యానికి 6 పడినా, భారమంతా తల్లి మీదే ఉందని అనుకోవద్దు. అందుకే ముందుగా జరిగిన పని అడగాలి: "నిన్న పొద్దుగాల బాబును ఎవరు లేపిన్రు? తానం ఎవరు పోసిన్రు? జ్వరమొస్తే దవాఖానకు ఎవరు తీస్కపోయిన్రు?"

పనికీ నమ్మకానికీ తేడా ఉంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంట్లోవారి సంరక్షణ చేసిన ఆడవాళ్లు రోజుకు 134 నిమిషాలు, మగవాళ్లు 76 నిమిషాలు వెచ్చించారు. ఆ నిమిషాలు ఇష్టంతో గడిచాయో, తప్పక గడిచాయో సర్వే చెప్పదు.

ఈ ప్రాంతానికి దగ్గరగా ఉన్న ఆధారం యంగ్ లైవ్స్ అధ్యయనం. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, హైదరాబాద్ సహా, సుమారు 3,000 మంది పిల్లలను అనుసరించింది. బిడ్డను ఎక్కువగా చూసుకునేది ఎవరైతే వారినే అడగడం, పిల్లలు ఎంతవరకు చదవాలని వారు కోరుకుంటున్నారో తెలుసుకోవడం అందులో మెచ్చదగినవి. పాతబస్తీలో చదువు ఆశ ఎక్కువగా ఇంగ్లీషు మీడియం ఫీజుగా, ట్యూషన్‌గా బయటపడుతుంది. మూసీ అవతల చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడల్లో విద్యా పరిశోధకుడు జేమ్స్ టూలీ బృందం 2000 దశకం తొలినాళ్లలో లెక్కపెట్టిన 918 బడుల్లో దాదాపు 60 శాతం ఎయిడ్ లేని ప్రైవేటువిగా తేలాయి. బుర్రకు పదును పెట్టాలనే నమ్మకాన్ని ఇక్కడ కొలవాలంటే బొమ్మల గురించి కాదు, ఫీజు కోసం ఇంట్లో ఏం తగ్గించుకున్నారో అడగాలి. అదే ప్రశ్న తండ్రినీ, నానమ్మనూ విడివిడిగా అడిగితే, ఒకే ఇంట్లో ఎవరి నమ్మకం ఎవరికి పనిగా మారుతోందో తేలుతుంది.