నూనెకూ జ్వరమొస్తుంది

కారు గురించి నాకు తెలిసినవి రెండే విషయాలు: ఎక్కడం, దిగడం. బి.ఏ.లో చరిత్రా, తెలుగు సాహిత్యమూ చదువుకున్నదాన్ని. నా నవలల్లో కథానాయకుడు కారు నడపాల్సి వస్తే రెండు వాక్యాల్లో గమ్యం చేర్చేసి తలుపు వేయిస్తాను. అలాంటి నేను ఇవాళ ఆయిల్ కూలర్ గురించి రాయడానికి కూర్చున్నానంటే, అందుకు మా తమ్ముడూ, మా అమ్మా, మంథనిలో ఒక ముసలి ఉస్తాదూ కారణం.

మా బాపు పోయిన ఏడాదికి తమ్ముడు తన వాటాకు వచ్చిన ఎకరంన్నర అమ్మేసి ఒక పాత కారు కొన్నాడు. 1958 నాటి ఎంజీఏ. ఇద్దరే కూర్చోగలిగే స్పోర్ట్స్ కారు. పైకప్పు లేదు, తలుపుకు బయట పిడి లేదు, బాన్నెట్ మాత్రం బారెడుంది. అమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో మా అమ్మకు సాటి లేరు. సంవత్సరీకానికి మంథని పోవాలి, గోదావరి ఒడ్డున పిండం పెట్టాలి అనుకున్నప్పుడు తమ్ముడు, "అమ్మా, నా కారులో రా" అన్నాడు. అమ్మ కొంగు తలచుట్టూ బిగించి, మెడకింద ముడేసుకుని, మారుమాట లేకుండా ఎక్కి కూర్చుంది. ఆ మౌనానికి వాడు జంకాడని నాకు తెలుసు.

నేనూ మావారూ వెనక మా కారులో. చైత్రమాసపు ఎండ. పెద్దపల్లి దాటి మంథని రోడ్డు పట్టాం. కొంతదూరం పోయాక తారురోడ్డు మీద ఒక నల్లని గీత కనబడింది. సన్నగా మొదలై, వెడల్పయి, తళతళా మెరుస్తూ తమ్ముడి కారు వెనకే పోతోంది. "అదేమిటండీ?" అంటూండగానే ముందు కారు రోడ్డు పక్కకు వాలి ఆగింది. బాన్నెట్ సందుల్లోంచి నీలిపొగ.

తరవాత తెలిసిందేమిటంటే, ఆపమన్నది అమ్మే. "ఏదో నూనె మాడుతోందిరా, ఆపు" అందట. తమ్ముడి కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి, నూనె ఒత్తిడి చూపే ముల్లు మీద లేవు. యాభై సంక్రాంతులు సకినాలు కాల్చిన ముక్కు అది. వాడు ఇంజను ఆపేటప్పటికి ముల్లు సున్నా దగ్గర పడుకుంది. ఇంకో నిమిషం తిరిగి ఉంటే లోపలి ఇనుమూ ఇనుమూ రాసుకుని పట్టేసేవి. ఎకరంన్నర పొలం రోడ్డు మీద గడ్డకట్టేది.

ఇక్కడ కాస్త ఆగి నూనె సంగతి చెబుతాను. చరిత్ర చదువుకున్నదాన్ని కదా, ఊరుకోలేను.

మన బండ్లకు నూనె కొత్త కాదు. ఎద్దుబండి ఇరుసుకు ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి కందెన రాసేవారు. సుమతీ శతకకారుడు కరణాన్ని మంచి చేసుకోవడానికి పోలిక వెతికితే దొరికింది ఆ కందెనే. ఆ ఆముదమే సముద్రం దాటి దొరల ఇంజన్లలోకీ పోయింది. 1899లో లండన్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ అనే ఆయన నూనెల కంపెనీ పెట్టాడు. 1909లో ఇంజన్ల కోసం ఆముదం కలిపిన నూనె ఒకటి తీసి, ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న 'కాస్టర్' అన్న పేరునే కాస్త మార్చి 'కాస్ట్రోల్' అన్నాడు. మొదటి ప్రపంచయుద్ధం నాటి విమానాల్లో సిలిండర్లతో సహా ఇంజనంతా గిరగిరా తిరిగే రకాలుండేవి. వాటికి పోసేది ఆముదమే. ఆ తుంపర మొహాన పడి, ముక్కులోకీ నోట్లోకీ పోయి, పైలట్లకు కడుపులు కదిలిపోయేవి. చిన్నప్పుడు ముక్కు మూయించి ఆముదం తాగించిన మా నాయనమ్మకు ఈ సంగతి తెలిసి ఉంటే ఎంత సంతోషించేదో!

ఇంజనులో నూనె చేసే పనులు రెండు. రాపిడి తగ్గించడం ఒకటి, వేడిని మోసుకుపోవడం రెండోది. రెండోది మనం మరిచిపోతాం. నీళ్లు సిలిండర్ల చుట్టూ తిరుగుతాయి గాని, కింద గుండ్రంగా తిరిగే కడ్డీ దాకా, బేరింగుల దాకా పోలేవు. అక్కడికి పోగలిగింది నూనె ఒక్కటే. అక్కడి వేడంతా అదే మింగుతుంది. నూరు డిగ్రీల చుట్టుపక్కల ఉన్నంతసేపూ దానికి ఇబ్బంది లేదు. నూట ముప్ఫై దాటితే మాత్రం నీళ్లలా పలచబడుతుంది, త్వరగా చెడుతుంది. పొయ్యి మీద బాణలి మరిచిపోయిన ఆడవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. నూనెకూ జ్వరమొస్తుంది.

ఆ జ్వరం దించే తడిబట్టే ఆయిల్ కూలర్. సన్నని గొట్టాలు, వాటికి రేకుల రెక్కలు, చిన్న రేడియేటర్ లాగే ఉంటుంది. వేడినూనె ఒక మూల నుంచి వెళ్లి, గాలి తగిలి చల్లబడి, ఇంకో మూల నుంచి వస్తుంది. మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌కు ఉండే రెక్కలు కూడా ఇలాంటివే. వాటి లోపల తిరిగేదీ నూనే. రెండో ప్రపంచయుద్ధపు స్పిట్‌ఫైర్ విమానానికి మొదటి రకాల్లో ఒక రెక్క కింద నీళ్ల రేడియేటర్, ఇంకో రెక్క కింద నూనె కూలర్ ఉండేవి.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది కూడా చిన్న విషయం కాదు. ఫోక్స్‌వాగన్ బీటిల్ కథ చూడండి. దానికి నీళ్లే లేవు, అంతా గాలీ నూనే. నూనె కూలర్‌ను ఫ్యాను గాలి వచ్చే దారిలోనే నిలబెట్టారు. దాంతో కూలర్‌ను దాటి వేడెక్కిన గాలి మూడో సిలిండర్‌కు తగిలేది. చెడితే ముందు చెడేది ఆ మూడోదే. చివరికి 1971 మోడల్‌లో కూలర్‌ను జరిపి దానికో విడి గూడు కట్టారు. ఒకరి జ్వరం ఇంకొకరికి అంటకుండా పక్కగదిలో పడుకోబెట్టినట్లు.

సరే, మళ్లీ మంథని రోడ్డుకు వద్దాం.

చెరువు దగ్గర ఇసుక దించి వస్తున్న ట్రాక్టరతను తాడు కట్టాడు. విలాయతీ స్పోర్ట్స్ కారు ట్రాక్టరు వెనక నడిచి ఊళ్లోకి వచ్చింది. పిల్లలు వెంట పరిగెత్తారు. అమ్మ దిగలేదు. తలకు కొంగుతో, ఒళ్లో దర్భల కట్టతో, రథం మీద ఉత్సవమూర్తిలా కూర్చునే వచ్చింది.

ఉస్తాదు షెడ్డు ముందు ఆపాం. బాపు బడిపంతులు. పాత అంబాసిడర్ ఒకటి సెకండ్ హ్యాండులో కొని పద్దెనిమిదేళ్లు నడిపాడు. దానికి పుట్టిన ప్రతి రోగానికీ ఈ ఉస్తాదే వైద్యుడు. 2014 మే నెలలో బెంగాల్లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఉన్న బండ్లు ఒక్కొక్కటీ తుక్కులోకి పోయాయి. ఉస్తాదుకు కంటిచూపూ తగ్గింది, పనీ తగ్గింది. షెడ్డులో ఇప్పుడు కొడుకు మోటారుసైకిళ్లు బాగుచేస్తాడు. పెద్దాయన పక్కన నులకమంచం మీద కూర్చుంటాడు.

"పంతులుసాబ్ కొడుకా? రా బిడ్డా" అని లేచాడు. బాన్నెట్ ఎత్తగానే చేత్తో ఇంజను తడిమాడు. కళ్లకన్నా వేళ్లే ముందు చూశాయి. ఒక్కసారి నవ్వాడు.

"గిది మన అంబాసిడర్ ఇంజనే గద!"

తమ్ముడు, "అవును ఉస్తాద్, రెంటిదీ ఒకటే ఇంటిపేరు" అన్నాడు. ఇది నాకు ఆ రోజే తెలిసింది. 1952లో ఇంగ్లండులో ఆస్టిన్, మోరిస్ కంపెనీలు కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాయి. అందరికీ పనికొచ్చేలా 'బి-సిరీస్' అనే ఇంజను చేసుకున్నారు. 1955లో వచ్చిన ఎంజీఏకు అదే, 1489 సీసీది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో మనదేశంలో తయారైన అంబాసిడర్‌కూ కొద్దికాలానికే అదే 1489 సీసీ ఇంజను వచ్చింది. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఇప్పుడు ఆ పేరు చైనా కంపెనీ చేతికి పోయి, 2019 నుంచి మన రోడ్ల మీదా ఎంజీ పేరుతో కొత్త కార్లు తిరుగుతున్నాయి గాని, ఆ రోజుల్లో అది ఆక్స్‌ఫర్డ్ ఊరి పేరు. అక్క దొరగారింట స్పోర్ట్స్ కారయింది, చెల్లెలు మన ఎమ్మెల్యేలనూ, కలెక్టర్లనూ, పెళ్లివారినీ మోసింది. 1957 నుంచి 1977 దాకా పి.వి. నరసింహారావు గారు మంథనికి ఎమ్మెల్యే. ఆయన కాలం నాటి ఊరివాళ్లకు తెల్ల అంబాసిడర్ అంటే ప్రభుత్వమే ఇంటిముందు ఆగినట్లు.

ఉస్తాదు రోగం పట్టేశాడు. ఈ ఇంజనులో నూనె వెనకవైపు రంధ్రంలోంచి బయటికి వచ్చి, ఒక పైపు గుండా ఫిల్టర్‌కు పోతుంది. కూలర్ పెట్టాలంటే ఆ పైపు తీసేసి, నూనెను రబ్బరు గొట్టంతో ముందుకు తీసుకెళ్లి, కూలర్ తిప్పి, ఇంకో గొట్టంతో ఫిల్టర్‌కు చేర్చాలి. అంటే ఇంజనుకు పోయే నూనె అంతా, ఆ ఒత్తిడి అంతా, ఆ రెండు గొట్టాల మీదే. అవి రేడియేటర్ పక్క రేకుకు తొలిచిన రంధ్రాల్లోంచి పోతాయి. నగరంలో బిగించినవాళ్లు ఆ రంధ్రాలకు రబ్బరు కమ్మీ వెయ్యలేదు. రేకు అంచు కత్తిలా పనిచేసింది. గొట్టం తెగింది. నాలుగున్నర లీటర్ల నూనె రోడ్డుపాలయింది. ఫ్యాను చిమ్మిన తుంపర పొగగొట్టం మీద పడి మాడింది. అమ్మకు తగిలిన వాసన అదే.

"గింతెడు రబ్బరు బిళ్ల బాబూ. ఐదు రూపాయలది. చూసుకోవద్దా?" అన్నాడు ఉస్తాదు.

తమ్ముడు తల వంచుకున్నాడు. తరవాత నాతో చెప్పాడు. రంధ్రాలు తొలిపించడానికే వాడికి ప్రాణం ఒప్పలేదట. కారు పుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉండాలని వాడి పట్టు. ఎంజీఏకు కూలర్ కంపెనీ వాళ్లే అడిగినవాళ్లకు అమ్మేవారని తెలిశాక, మన ఎండలకు తప్పదని ఒప్పుకున్నాడు. రామగుండం వైపు వేసవి 45 డిగ్రీలు దాటుతుంది మరి. ఆ తొలిచే రోజు మాత్రం చూడలేక బయటికి వెళ్లిపోయాడట. చూడనందుకే ఇదంతా.

తెల్లవారితే తిథి. రబ్బరు గొట్టాలు దొరకాలంటే గోదావరిఖని పోవాలి, అక్కడ గనుల యంత్రాలకు గొట్టాలు చేసే దుకాణాలుంటాయి, కాని రాత్రయింది. ఉస్తాదు మంచం కిందనుంచి ఒక రేకుడబ్బా లాగాడు. గుడ్డలో చుట్టి, నూనె రాసి దాచిన సామాను. అందులోంచి ఒక ఇనుప పైపు తీశాడు. అంబాసిడర్‌ది. ఆ పైపు ఎవరి బండిదో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు. మా బండిని తుక్కుకు అమ్మిననాడు విప్పింది ఆయనే.

రెండు చివరల నట్ల మరలు కుదిరాయి. ఒంపు దగ్గర వేలెడు తేడా వస్తే, మెల్లగా వేడిచేసి వంచాడు. కూలర్‌ను పక్కన పెట్టేశారు. నూనె పోశారు. ప్లగ్గులు విప్పి, ఇంజనును ఊరికే తిప్పి, ముల్లు లేచిందాకా మంట ముట్టించనివ్వలేదు. "ఒట్టి గొంతుతోని పరిగెత్తియ్యద్దు, ముందు గుటక వెయ్యనియ్యి" అన్నాడు. ముల్లు లేచింది. ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేశారు. ఉస్తాదు చెవి బాన్నెట్‌కు ఆనించి చాలాసేపు విన్నాడు.

"బతికింది" అన్నాడు.

అప్పటిదాకా అరుగు మీద కూర్చున్న అమ్మ లేచి వచ్చింది. "ఇది మీ బాపు బండి ఇంజనేనా?" అని తమ్ముణ్ణి అడిగింది. "అలాంటిదేనమ్మా" అన్నాడు వాడు. అమ్మ ఆ వేడి బాన్నెట్ మీద చెయ్యి పెట్టింది, కాలినా తియ్యలేదు. "ముందే చెప్పి ఉంటే ఏం పోయింది?" అంది. పొలం అమ్మిన రెండేళ్లకు ఆ కారు గురించి ఆవిడ మాట్లాడిన మొదటి మాట.

మర్నాడు చల్లని వేళ, కూలర్ అవసరంలేని వేళ, తమ్ముడు అమ్మను ఆ కారులోనే గోదావరికి తీసుకుపోయాడు.

దసరాకు మళ్లీ పోయినప్పుడు కూలర్‌ను పద్ధతిగా బిగించారు. ఉస్తాదు మంచం మీంచే పని చేయించాడు. ఆ పాఠం నాకూ వచ్చేసింది, వినండి. కూలర్ రేడియేటర్‌కు ముందు, గాలి నేరుగా తగిలేచోట, రెంటికీ అంగుళం ఎడముండాలి. నోళ్లు పైకి ఉండాలి, కిందికి పెడితే పైన గాలి చిక్కుకుంటుంది. రంధ్రాలకు రబ్బరు కమ్మీలు. పొగగొట్టానికి దూరంగా గొట్టాలు. నట్లు బిగించేటప్పుడు రెండు పానాలు: ఒకటి తిప్పడానికి, ఒకటి కూలర్ మెడ మెలిపడకుండా పట్టుకోవడానికి. తొందరగా వేడెక్కడానికీ నూనెకు అవకాశం ఇవ్వాలి కనుక, చల్లగా ఉన్నప్పుడు కూలర్ దారి మూసే థర్మోస్టాట్ ఒకటి.

తీసేసిన ఇనుప పైపును తమ్ముడు తిరిగి ఇవ్వబోతే ఉస్తాదు తీసుకోలేదు. అది ఇప్పుడు కారు డిక్కీలో, అదే గుడ్డలో ఉంది. మా అమ్మ మాత్రం మారిపోయింది. తమ్ముడు ఫోను చేస్తే అన్నం తిన్నావా అని అడగడం రెండో ప్రశ్న అయింది. మొదటిది, "ముల్లు చూస్తున్నావురా?"