కరీబియన్ తీరంలో చవక భోజనం - ఒక కంచం చరిత్ర

వెస్టిండీస్ అంటే మనలో చాలామందికి క్రికెట్ జట్టు. డబ్బున్న కొద్దిమందికి తెల్లటి ఇసుక, నీలపు నీళ్ళు, కొబ్బరిచెట్లు. ఈ రెండో వెస్టిండీస్‌ను అమ్మిపెట్టే గైడు పుస్తకాల్లో ఒక అధ్యాయం తప్పకుండా ఉంటుంది: తక్కువ ఖర్చుతో స్థానికుల మధ్య కూర్చుని ఎక్కడ తినవచ్చు, హోటలు విడిచి ఒక్క రోజులో ఏమేం చూసి రావచ్చు అని. గారీ సోబర్స్ పుట్టిన బార్బడోస్ ద్వీపాన్నే తీసుకుంటే, శుక్రవారం రాత్రి ఓయిస్టిన్స్ రేవులో చేప తినండి, శనివారం రమ్ము కొట్టులో పుడ్డింగు, సౌస్ రుచి చూడండి, బస్సెక్కి తూర్పు తీరాన బాత్‌షీబా వెళ్ళి రండి అని చెబుతారు.

సలహాలో తప్పేమీ లేదు. పెద్ద హోటలు ప్రహరీ లోపలే తిని, లోపలే తిరిగి వచ్చేసేవాడికంటే రేవులో చేప తినేవాడే మెరుగు. అతని డబ్బులో కొంతైనా ఆ చేప వేయించిన మనిషికి చేరుతుంది. కాని ఆ అధ్యాయం ఒక్క ప్రశ్న వేయదు. ఆ కంచంలోకి ఆ పదార్థాలే ఎందుకు వచ్చాయి? ఈ ప్రశ్న వేసుకున్న మరుక్షణం వంటల పుస్తకం మూసి చరిత్ర పుస్తకం తెరవవలసి వస్తుంది.

బార్బడోస్ చిన్న ద్వీపం. పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. 1627లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ స్థిరపడ్డారు. మొదట పొగాకు, పత్తి వేశారు. 1640లలో చెరకు వచ్చింది. చెరకుతో పాటు ఆఫ్రికా నుంచి బానిసల ఓడలు వచ్చాయి. కొద్ది దశాబ్దాల్లోనే అడవి నరికి, సాగుకు పనికివచ్చే నేలంతా చెరకు కిందికి తెచ్చారు. ఓయిస్టిన్స్‌కు ఇంకో చరిత్ర కూడా ఉంది. 1652 జనవరిలో ఇంగ్లండు పార్లమెంటు నౌకాదళానికి లొంగిపోతూ ద్వీపంలోని తోటల యజమానులు అక్కడే ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. తమ శాసనసభ ఒప్పుకోకుండా తమ మీద పన్ను వేయకూడదన్నది అందులో ఒక షరతు. దాన్ని స్వేచ్ఛాపత్రంగా చెప్పుకోవడం అక్కడ పరిపాటి. పదేళ్ళు తిరగకుండా, 1661లో, అదే శాసనసభ బానిసల చట్టం చేసింది. మనిషిని ఆస్తిగా ఎలా ఉంచుకోవాలో, ఎలా శిక్షించాలో వివరంగా రాసిన ఆ చట్టాన్ని జమైకా, దక్షిణ కరోలినా వలసలు మాదిరిగా తీసుకున్నాయి. స్వేచ్ఛ అన్న మాట ఏ వర్గం నోట వస్తున్నదో చూడకుండా అర్థం చెప్పుకోరాదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

నేలంతా చెరకైనప్పుడు తిండి ఎక్కడ పండుతుంది? జమైకాలో కొండ భూములున్నాయి. అక్కడ బానిసలు తమకిచ్చిన చెక్కల్లో పెండలం, అరటి పండించుకుని, మిగిలింది ఆదివారం సంతలో అమ్ముకునేవారు. బార్బడోస్‌లో అంత జాగా లేదు. యజమాని కొలిచి ఇచ్చే బత్తెమే ప్రధానాధారం. ఆ బత్తెంలో ముఖ్యమైనవి జొన్న, మొక్కజొన్న, ఉప్పుచేప. ఉప్పుచేప అంటే చుట్టూ ఉన్న సముద్రంలో పట్టింది కాదు. వేల మైళ్ళ దూరాన, ఉత్తర అట్లాంటిక్‌లో పట్టి ఉప్పు పెట్టి ఎండబెట్టిన కాడ్ చేప. మేలురకం ఐరోపా బజారుకు పోయేది. విరిగిందీ, సరిగా ఎండనిదీ తోటలకు వచ్చేది. ఆ నాసిరకానికి వర్తకులు పెట్టుకున్న పేరే ‘వెస్టిండియా’ సరుకు. ఇప్పుడు జమైకా తన జాతీయ వంటకంగా చెప్పుకునే ‘అకీ, సాల్ట్‌ఫిష్’లో ఉన్నది ఆ ఉప్పుచేపే. దానికి జత అయిన అకీ కాయ పశ్చిమ ఆఫ్రికాది. చెట్టు మీద తనంత తాను విచ్చుకోకముందే కోస్తే అది విషం. ఆ సంగతి తెలిసిన జనం ఆ జ్ఞానాన్ని పోగొట్టుకోకుండా కాపాడుకున్నారు.

బార్బడోస్ జాతీయ వంటకం కూకూ, ఎగిరే చేప. కూకూ అంటే మొక్కజొన్న పిండిలో బెండకాయలు వేసి, చెక్క తెడ్డుతో ఉండకట్టకుండా గెలికి దించిన సంకటి. బెండ ఆఫ్రికాది, మొక్కజొన్న అమెరికాది, ఆ తెడ్డు తిప్పే పద్ధతి ఆఫ్రికా ఆడవాళ్ళది. ఇక శనివారపు సౌస్ అంటే పంది తలకాయ, కాళ్ళు, చెవులు ఉడికించి నిమ్మరసంలో, దోసకాయలో ఊరబెట్టింది. పక్కన పెట్టే పుడ్డింగు, పంది పేగులో చిలగడదుంప కూరి ఉడికించింది. మంచి మాంసం ఎవరి బల్ల మీదికి పోయిందో ఈ కూరే చెబుతుంది.

పక్కనే వేయించి పెట్టే సీమపనస ముక్కకు కూడా కథ ఉంది. 1775లో మొదలైన అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఉత్తర అమెరికా నుంచి వచ్చే ధాన్యం, చేప ఆగిపోయాయి. దాని మీద తుపానులు తోడయ్యాయి. 1780 నుంచి 1787 దాకా ఆకలితో, ఆకలి తెచ్చిన జబ్బులతో దాదాపు 15,000 మంది బానిసలు చనిపోయారని జమైకా శాసనసభ నివేదికే అంచనా కట్టింది. చెరకు తగ్గించి తిండిగింజలు వేద్దామన్న ఆలోచన తోటల యజమానులకు రాలేదు. చవకగా కడుపు నింపే చెట్టు ఎక్కడుందా అని వెతికారు. తాహితి నుంచి సీమపనస మొక్కలు తేవడానికి కెప్టెన్ బ్లై బయలుదేరాడు. 1789లో ‘బౌంటీ’ ఓడ మీద జరిగిన తిరుగుబాటు ఈ ప్రయాణంలోదే. సినిమాలు తిరుగుబాటును చూపించాయి గాని ఆ మొక్కలు ఎవరి కోసమో పెద్దగా చెప్పలేదు. రెండోసారి వెళ్ళి 1793లో ఆయన సెయింట్ విన్సెంట్‌కూ, జమైకాకూ మొక్కలు చేర్చాడు. ఎవరి కోసం తెచ్చారో ఆ బానిసలు మొదట్లో దాన్ని ఇష్టపడలేదు. ఈనాడు అది లేని పెరడు తక్కువ.

చవక భోజనంలో మరొకటి రొట్టె. మసాలా కూర చుట్టి ఇచ్చే ఈ రొట్టె బార్బడోస్‌కు ట్రినిడాడ్ నుంచి వచ్చింది, ట్రినిడాడ్‌కు మన దేశం నుంచి వెళ్ళింది. 1838లో బానిసత్వం పూర్తిగా ముగిశాక ఖాళీ భూములున్న ట్రినిడాడ్, గయానాలలో విముక్తులైనవాళ్ళు తోటలు విడిచిపోసాగారు. యజమానులు ఇండియా నుంచి కంట్రాక్టు కూలీలను దింపారు. 1845 నుంచి 1917 వరకు ట్రినిడాడ్‌కు వెళ్ళినవారు లక్షా నలభై వేలకు పైనే. ఎక్కువమంది కలకత్తా రేవులో ఎక్కినవారు. మద్రాసు రేవులో ఎక్కినవారిలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. బార్బడోస్‌కు ఈ కూలీల అవసరం పడలేదు. కారణం దయ కాదు. అక్కడ విముక్తుడైన మనిషి వెళ్ళి బతకడానికి గజం నేల మిగల్లేదు.

ఇక ఒకరోజు యాత్ర. బార్బడోస్‌లో బస్సు ప్రయాణం చవక. 2019 నుంచి ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగినా ఛార్జీ మూడున్నర బార్బడోస్ డాలర్లు, అంటే ఒకటీ ముప్పావు అమెరికా డాలరు. ఓయిస్టిన్స్‌కు కొద్ది దూరంలోనే న్యూటన్ తోట ఉంది. ఆ తోటలో బానిసల శ్మశానం ఉంది. సుమారు 570 మందిని అక్కడ పూడ్చారని అంచనా. 1970లలో జెరోమ్ హాండ్లర్, ఫ్రెడరిక్ లాంగే అక్కడ తవ్వకాలు జరిపి, 1978లో పుస్తకం ప్రచురించారు. ఆ అస్థిపంజరాల పళ్ళను పరీక్షించినవారు పళ్ళ పైపూతలో లోతైన గీతలు చూశారు. చిన్నతనంలో, ముఖ్యంగా తల్లిపాలు మానే వయసులో, తిండి చాలక ఎదుగుదల ఆగిన గుర్తులవి. ఎముకల్లో సీసం ఎక్కువగా కనిపించింది. సీసపు సామగ్రిలో కాచిన రమ్ము ద్వారా అది ఒంట్లో చేరి ఉంటుందని పరిశోధకులు భావించారు. తోటల లెక్కల పుస్తకాల్లో బత్తెం సక్రమంగా ఇచ్చినట్టే ఉండవచ్చు. పళ్ళు వేరే లెక్క రాసి ఉంచాయి. రేవులో భోంచేసినవాడు ఈ శ్మశానం చూడకపోతే తిన్నదేమిటో అతనికి సగమే తెలిసినట్టు.

బస్సు మార్గాలు చేర్చే మరో చోటు గన్‌హిల్. అక్కడినుంచి దక్షిణ భాగమంతా కనిపిస్తుందని గైడు పుస్తకం మెచ్చుకుంటుంది. నిజమే, కనిపించడానికే దాన్ని కట్టారు. 1816 ఏప్రిల్‌లో బస్సా పేరుతో చరిత్రకెక్కిన తిరుగుబాటులో చెరకుతోటలు తగలబడ్డాయి. దాన్ని అణచిన తర్వాత, మళ్ళీ ఎక్కడ పొగ లేచినా సైన్యానికి కబురందేలా 1818లో ఆ సంకేత స్థావరం వెలిసింది. ఈనాటి ప్రకృతి దృశ్యం ఆనాటి కాపలా దృశ్యం.

దారిలో రంగులు వేసిన చిన్న చెక్క ఇళ్ళు కనబడతాయి. యాత్రికులు ఫొటోలు తీసుకుంటారు. అవి పునాది లేని ఇళ్ళు. వదులుగా పేర్చిన రాళ్ళ మీద నిలబెట్టినవి. విముక్తి తర్వాత కూలీకి ఇల్లు తనదే గాని కింది నేల తోటది. యజమానికి కోపం వస్తే ఇల్లు విప్పి బండి మీద వేసుకుపోవాలి. ఈ ఇంటిని అర్థం చేసుకోవాలంటే జార్జి లామింగ్ 1953లో రాసిన ‘ఇన్ ది కాసిల్ ఆఫ్ మై స్కిన్’ నవల చదవాలి. ఊరి భూమి చేతులు మారుతుంది. కొన్నది తెల్లదొరలు కారు. ప్రజల పేరు చెప్పుకుని ఎదిగిన నల్లజాతి మధ్యతరగతి. ఊరిని ఖాళీ చేయించే ఘట్టంలో చెప్పులు కుట్టే మనిషి ఇల్లు కదిలించబోతే కూలిపోతుంది. నవలలో వచ్చే అల్లర్ల వెనుక 1937 జూలైలో బ్రిడ్జ్‌టౌన్‌లో జరిగిన పోరాటం ఉంది. క్లెమెంట్ పేన్ అనే కార్మిక నాయకుణ్ణి ద్వీపం నుంచి వెళ్ళగొట్టినందుకు జనం తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో 14 మంది చనిపోయారు.

1966లో స్వాతంత్ర్యం వచ్చింది. 2021లో గణతంత్రమైంది. చెరకు కుంగి, ఆ స్థానంలోకి యాత్రికుల వ్యాపారం వచ్చింది. బానిసత్వంతో దీన్ని సమానం చేయడం అన్యాయం. హోటలు కార్మికునికి యూనియను ఉంది, ఓటు ఉంది. బార్బడోస్‌లో సముద్రతీరం చట్టరీత్యా ప్రజలది కూడా. జమైకాలో అదీ లేదు. 1956 నాటి వలసకాలపు చట్టం ప్రకారం అక్కడ తీరం మీద జనానికి సాధారణ హక్కు లేదు. కాని పోలిక ఒకచోట నిలుస్తుంది. నాడు నేలంతా ఎగుమతి పంటకు పోయి తిండి ఓడల్లో వచ్చింది. ఈనాటికీ తిండిలో అధికభాగం ఓడల్లోనే వస్తున్నది. అంటీగాను గురించి జమైకా కిన్‌కెయిడ్ 1988లో ‘ఎ స్మాల్ ప్లేస్’ రాసినప్పుడు యాత్రికుణ్ణే ఎదురుగా నిలబెట్టి, నువ్వు స్థానికమనుకుని తింటున్నది ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా అని నిలదీసింది అందుకే. మార్టినీక్‌లో పుట్టిన ఫానన్ 1961లోనే, వలసల నుంచి బయటపడిన దేశాల ధనికవర్గం విదేశీయుల విలాసాలకు మేనేజరుగా దిగజారగలదని హెచ్చరించాడు. చివరికి చేప కూడా గట్టిగా దొరకడం లేదు. ఎగిరే చేపల కోసం ట్రినిడాడ్‌తో వివాదం అంతర్జాతీయ న్యాయమండలికి ఎక్కి 2006లో తీర్పు దాకా వెళ్ళింది. 2024 జూలై 1న బెరిల్ తుపాను బార్బడోస్ చేపల పడవలను పెద్ద ఎత్తున దెబ్బతీసింది.

ఇదంతా చదివి ఆ కంచాన్ని కన్నీళ్ళ కంచంగానే చూస్తే అదీ తప్పే. సరుకు యజమాని నిర్ణయించాడు. రుచి మాత్రం వండిన మనిషే నిర్ణయించింది. పారేయవలసిన చేపను, పేగును, మొదట వద్దన్న కాయను తీసుకుని ఒక జాతి తనదని చెప్పుకునే వంటగా మార్చింది శ్రామిక స్త్రీ. బుట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో అమ్మిన బానిస స్త్రీలను అదుపు చేయడానికి బార్బడోస్ శాసనసభ మళ్ళీమళ్ళీ చట్టాలు చేసింది. చట్టాలు మళ్ళీమళ్ళీ చేయవలసి వచ్చిందంటేనే వాళ్ళు లొంగలేదని అర్థం. హిలరీ బెకిల్స్ 1989లో ‘నాచురల్ రెబెల్స్’ గ్రంథంలో ఈ స్త్రీల చరిత్రను వెలికితీశాడు. శుక్రవారం రాత్రి ఓయిస్టిన్స్‌లో పొయ్యి ముందు నిలబడేవాళ్ళది ఆ వారసత్వమే.

మన యాత్రా సాహిత్యానికి దీనితో పని ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ అచ్చయింది కరీబియన్ బానిసలు విముక్తులైన 1838లోనే. మజిలీ మజిలీకి ఏ అంగడిలో ఏ సరుకు దొరుకుతుందో ఆయన రాసుకున్నాడు. ఆ గమనింపు తర్వాతి తరాల్లో పలచబడింది. ఇప్పటి యాత్రారచనల్లో ఎక్కువ భాగం దృశ్యం వర్ణించి, రుచి మెచ్చుకుని, ఖర్చు చెప్పి ఆగిపోతాయి. ఖర్చు చెప్పడం మంచిదే. తక్కువ జీతాలవాడు కూడా లోకం చూడాలి. కాని ‘చవక’ అని రాసిన ప్రతిచోటా రచయిత కలం ఒక్క క్షణం ఆపి, మిగిలిన వెల ఎవరు చెల్లించారో విచారించాలి. బార్బడోస్‌లో ఆ విచారణకు ప్రత్యేకమైన టిక్కెట్టు ఏమీ అక్కరలేదు. మూడున్నర డాలర్ల బస్సు చాలు.