ఋణ సంఖ్యలు - బాగ్దాద్ గణితజ్ఞుల కృషి

ఋణ సంఖ్య అకరణీయ సంఖ్య అవుతుందా? నేటి గణితశాస్త్రంలో ఈ ప్రశ్నకు సమాధానం తేలికే. హారం సున్న కాకుండా, రెండు పూర్ణాంకాల నిష్పత్తిగా వ్రాయగల ప్రతి సంఖ్యా అకరణీయ సంఖ్యే. −3ను −3/1 గాను, −0.4ను −2/5 గాను వ్రాయవచ్చు. కావున అవి అకరణీయ సంఖ్యలే. అయితే ఋణ సంఖ్యలన్నీ అలాంటివి కావు. −√2ను అలా వ్రాయలేము. అనగా ఇక్కడ చూడవలసింది గుర్తును కాదు, నిష్పత్తిని.

ఈ తేలిక సమాధానం వెనుక సుదీర్ఘ చరిత్ర ఉన్నది. భిన్నాలు ప్రాచీన కాలం నుండి లెక్కల్లో ఉన్నవే. లేమిని తెలిపే సంఖ్యను అంగీకరించటానికి మాత్రం చాలా కాలం పట్టింది. భారతదేశంలో బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో ధన, ఋణ రాశుల సూత్రాలు చెప్పాడు. సంపద, అప్పు అనే అర్థాలుగల ఆ మాటలనే నేటికీ తెలుగులో వాడుతున్నాము.

ఖలీఫా మామూన్ కాలంలో (813-833) ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ బాగ్దాద్‌లో తన బీజగణిత గ్రంథం వ్రాశాడు. ఒక రాశి వర్గానికి ఆ రాశి పది రెట్లు కలిపితే 39 వస్తుంది. ఆ రాశి ఎంత? దీనికి ఆయన ఇచ్చిన జవాబు 3. −13 కూడా సరిపోతుంది గాని, దానిని ఆయన చెప్పలేదు. పదికి ఒకటి తక్కువైన దానిని అంతే తక్కువైన దానితో గుణించే పద్ధతిని మాత్రం ఆయన చక్కగా వివరించాడు. లేమి తీసివేతలో ఒక భాగంగా ఉన్నది గాని, ఇంకా స్వతంత్ర సంఖ్య కాలేదు.

తరువాత అబుల్ వఫా బూజ్జానీ (940-998) ప్రభుత్వ లేఖకుల కోసం, ఉద్యోగుల కోసం ఒక అంకగణిత గ్రంథం రచించాడు. అందులో మూడును ఐదుతో గుణించటానికి ఒక పద్ధతి చూపాడు. పదికి ఇవి ఏడు, ఐదు తక్కువ. ఆ రెండింటి లబ్ధం 35. మూడు నుండి ఐదు తీసివేస్తే రెండు అప్పు మిగులుతుంది. దాని పది రెట్లు ఇరవై అప్పు. 35 నుండి ఆ అప్పు తీరిస్తే 15 మిగులుతుంది. ఇక్కడ లేమికి 'దైన్', అనగా అప్పు అనే పేరు దొరికింది.

పన్నెండవ శతాబ్దంలో అస్సమౌఅల్ మరింత ముందుకు సాగాడు. బాగ్దాద్‌లో యూదు కుటుంబంలో పుట్టిన ఆయన పంతొమ్మిదేళ్ళ ప్రాయంలో 'అల్ బాహిర్' వ్రాశాడు. 1163లో ఇస్లాం స్వీకరించాడు. లేమిని లేమితో గుణిస్తే అధికం వస్తుందనీ, శూన్య స్థానం నుండి అధికాన్ని తీసివేస్తే అంతే లేమి మిగులుతుందనీ ఆయన సూత్రీకరించాడు. ఒక రాశి వర్గం 20 రెట్లకు రాశి 30 రెట్లు కలిపి, ఆ మొత్తాన్ని వర్గం 6 రెట్లకు 12 కలిపిన మొత్తంతో భాగించి చూపాడు. భాగఫలంలో మొదటి గుణకాలు 3⅓, 5. మూడవది ఋణ 6⅔, అనగా −20/3. నేటి నిర్వచనం ప్రకారం ఇది ఋణ అకరణీయ సంఖ్యే.

ఐరోపాలో 1545లో కూడా కార్డానో ఋణ మూలాలను కల్పితాలనే పిలిచాడు. అయినా ఈ ఘనత ఏ ఒక్క జాతికో, మతానికో చెందినదని చెప్పటం న్యాయం కాదు. బ్రహ్మగుప్తుడు ఋణమన్నదానిని అబుల్ వఫా దైన్ అన్నాడు. ఒక యూదు యువకుడు దాని సూత్రాలను అరబ్బీలో వ్రాశాడు. నేటి విద్యార్థి ఒక్క వాక్యంలో నేర్చుకునే నిర్వచనం వెనుక వీరందరి శ్రమ ఉన్నది.